గడ్డపార తర్వాత ప్రొక్లెయినర్

హుజూరాబాద్, జమ్మికుంట, వీణవంక అంటే ఇవాళ రైతులకు ముందుగా గుర్తొచ్చేది హైబ్రిడ్ వరి విత్తనం. మగ వరుసలు, ఆడ వరుసలు వేరువేరుగా నాటి, పూత వేళకు తాళ్లు లాగి పుప్పొడి దులిపే ఆ సేద్యానికి నీళ్లు వేళకు అందాలి. ఆ నీళ్లలో పెద్ద భాగం కాకతీయ కాలువది. పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్‌లో మొదలై, 146వ కిలోమీటరు దగ్గర కరీంనగర్ పక్కన దిగువ మానేరు జలాశయంలో కలుస్తుంది. మళ్లీ అక్కడినుంచి బయల్దేరి, హుజూరాబాద్ ప్రాంతం మీదుగా వరంగల్ వైపు 284వ కిలోమీటరు దాకా పోతుంది.

ఈ కాలువ గురించి రాసినవాళ్లు నీటి లెక్కలు రాశారు, వాటాల గొడవలు రాశారు, శంకుస్థాపనలు రాశారు. గడ్డపార పట్టిన పాలమూరు కూలీల మీద పాటలు పుట్టాయి, కథలు వచ్చాయి. ఆ కూలీల తర్వాత వచ్చి, ఇనుప కుర్చీలో కూర్చుని, కాళ్లతో చేతులతో లివర్లు తొక్కి లాగి కాలువల్నీ చెరువుల్నీ బొగ్గు గనుల్నీ తవ్విన మొదటి తరం ప్రొక్లెయినర్ ఆపరేటర్ల మీద మాత్రం దాదాపు ఏమీ రాలేదు. వాళ్లది కూడా ఈ నేల చరిత్రే. ఆ పని ఎట్లా ఉండేదో తెలిసినవాళ్లు తగ్గిపోతున్న కాలంలో దాన్ని చెప్పుకోవడం అవసరం.

ముందు గడ్డపార రోజులు చూడాలి. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న, పోచంపాడుకు 1963 జులై 26న నెహ్రూ పునాదిరాయి వేశారు. ఆ కాలంలో పెద్ద యంత్రాలన్నీ విదేశాల నుంచి రావాలి. వాటికి డాలర్లు కావాలి, విడిభాగాలకు నెలల తరబడి ఎదురు చూడాలి. మనుషులు మాత్రం కావలసినంత మంది ఉన్నారు. అందుకే సాగర్ ఆనకట్టను రాతి కట్టడంగా, మనుషుల చేతుల మీదుగా లేపారు. పోచంపాడు కాలువల పని కూడా మొదట్లో చాలా మటుకు తట్టా పారలతోనే నడిచింది.

పాలమూరు అని పిలిచే మహబూబ్‌నగర్ జిల్లా కరువు పల్లెల నుంచి మేస్త్రీలు అడ్వాన్సులిచ్చి కూలీలను తెచ్చేవారు. తరతరాలుగా బావులు, చెరువులు, రాతిపని చేసే వడ్డెర కుటుంబాలు గాడిదలతో సహా వచ్చి కట్ట పక్కనే గుడిసెలు వేసుకునేవి. మగవాళ్లు తవ్వితే ఆడవాళ్లు తట్టలు మోసేవాళ్లు. కూలి రోజుకు కాదు, తవ్విన మట్టి కొలతకు. గుంటలో అక్కడక్కడా మట్టి దిమ్మెలను తవ్వకుండా వదిలేవారు. మొదటి నేల మట్టం ఎక్కడుందో ఆ దిమ్మె తల చెప్పేది. దాని ఎత్తు కొలిచి, పొడవు వెడల్పులతో లెక్కగట్టి, వర్క్ ఇన్‌స్పెక్టర్ పుస్తకంలో రాసుకునేవాడు. మట్టిని మోసుకుపోయిన దూరాన్ని లీడు అని, పైకెక్కించిన ఎత్తును లిఫ్టు అని అనేవారు. ఆ రెండు మాటలు అక్షరం రాని కూలీలకు కూడా తెలుసు. ఎందుకంటే వాటి మీదే రేటు ఆధారపడేది, ఆ రేటు దగ్గరే మోసమూ జరిగేది.

1971లో పోచంపాడుకు ప్రపంచ బ్యాంకు అప్పు మంజూరైంది. అదే కాలంలో ఆ బ్యాంకు ఒక అధ్యయనం కూడా మొదలుపెట్టింది. రోడ్లు, కాలువల పనుల్లో మనుషుల శ్రమ ఎక్కడ గిట్టుబాటవుతుంది, యంత్రం ఎక్కడ గిట్టుబాటవుతుంది అన్నది దాని ప్రశ్న. క్షేత్ర పరిశీలన జరిపిన దేశాల్లో మనదీ ఒకటి. దగ్గరి దూరాలకు మంచి పనిముట్లు, సరైన తిండి, సక్రమమైన అజమాయిషీ ఉంటే మనుషులు చాలా పనుల్లో యంత్రంతో పోటీ పడగలరని ఆ పరిశీలనలు చూపించాయి. మన కాలువల మీద కూలీలకు మంచి పనిముట్లు రాలేదు, మంచి తిండీ రాలేదు. యంత్రం వచ్చింది.

అది ఒక్కసారిగా రాలేదు. మొదట బుల్‌డోజర్లు, మట్టిని అణిచే షీప్‌ఫుట్ రోలర్లు వచ్చాయి. 1964లో బెంగళూరులో భారత్ ఎర్త్ మూవర్స్ పుట్టాక జపాన్ కొమాట్సు నమూనా డోజర్లు దేశంలోనే తయారయ్యాయి. తవ్వే యంత్రాల్లో మొదట వచ్చినవి ఇనుప తాళ్ల మీద పనిచేసే షావెళ్లు. టాటా సంస్థ 1961లోనే అమెరికా పీ అండ్ హెచ్ కంపెనీతో కలిసి జంషెడ్‌పూర్‌లో వీటి తయారీ మొదలుపెట్టింది.

తాళ్ల షావెల్ నడపడం చిన్న పని కాదు. ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది. క్లచ్ వేస్తే డ్రమ్ తాడును చుడుతుంది, బకెట్ లేస్తుంది. క్లచ్ వదిలి బ్రేకు పట్టాలి. బ్రేకు ఒక్క క్షణం ఆలస్యమైతే బకెట్ దబ్బున పడుతుంది. తాడు తెగితే కొరడాలా కొడుతుంది. ఒక్కో కదలికకు ఒళ్లంతా బలం పెట్టాలి. పైగా ఈ యంత్రం తానున్న చోటికి పైనున్న గట్టును కొట్టి మట్టి ఎత్తడంలోనే దిట్ట. కాలువ తవ్వకానికి కావలసింది దానికి తలకిందులు. యంత్రం గట్టు మీద ఉండాలి, చెయ్యి కిందికి దిగాలి, అడుగు సమంగా రావాలి, పక్కలు వాలుగా రావాలి. తాళ్ల యంత్రానికే డ్రాగ్‌లైన్ బకెట్ కట్టి లాగేవారు గానీ, వాలు చెక్కినట్టు రావడం దాని వల్ల అయ్యేది కాదు.

ఆ చిక్కును విప్పింది నూనె ఒత్తిడి. యంత్రంతో తవ్వాలన్న ఆలోచన పాతదే. 1839లో అమెరికాలో విలియం ఓటిస్ ఆవిరి షావెల్‌కు పేటెంటు పొందాడు. 1882లో ఇంగ్లండ్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్ కంపెనీ నీటి ఒత్తిడితో పనిచేసే తవ్వకపు యంత్రాన్ని తయారుచేసింది. అయితే అందులో కూడా ఒత్తిడితో కదిలేది తాళ్లే. నూనె ఒత్తిడి నేరుగా చేతిని, మణికట్టును, వేళ్లను కదిలించే యంత్రాలు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత గానీ కుదుటపడలేదు. పారిస్‌కు ఈశాన్యంగా ఉన్న ఒక పల్లెటూళ్లో సేద్యపు యంత్రాలు చేసే జార్జ్ బతాయ్ అనే ఆయన 1951లో తన పొక్లెయిన్ వర్క్‌షాపులో ఒక హైడ్రాలిక్ తవ్వకపు యంత్రాన్ని తీసుకొచ్చాడు. జర్మనీలో డెమాగ్ కంపెనీ 1954లో చైను మీద నడుస్తూ చుట్టూ తిరిగే హైడ్రాలిక్ యంత్రం తెచ్చింది. 1960ల మొదట్లో పొక్లెయిన్ కూడా పూర్తి చుట్టు తిరిగే నమూనా తెచ్చి యూరప్ అంతా అమ్మింది.

1970ల్లో లార్సెన్ అండ్ టూబ్రో ఆ ఫ్రెంచి కంపెనీతో కలిసి మన దేశంలో వీటి తయారీకి దిగింది. 90 సీకే, 300 సీకే అనే నంబర్లు గనుల్లో, ప్రాజెక్టుల మీద వినపడటం మొదలైంది. యంత్రం ఒంటి మీద రాసి ఉన్న కంపెనీ పేరే మన నోళ్లలో ప్రొక్లెయినర్ అయింది. తర్వాత టాటా వాళ్లు 1984 నుంచి హిటాచీతో కలిసి చేసినా, ఎల్ అండ్ టీ 1998లో కొమాట్సుతో చేతులు కలిపినా, ఊళ్లో దాని పేరు ప్రొక్లెయినరే. ఇక ట్రాక్టర్‌లా రబ్బరు టైర్ల మీద వచ్చి, ముందు తొట్టీ వెనక చెయ్యీ ఉన్న బ్యాక్‌హోను ఎస్కార్ట్స్ జేసీబీ 1979లో మొదలైన తమ బల్లభ్‌గఢ్ ఫ్యాక్టరీ నుంచి దేశమంతా పంపింది. చిన్న పనులన్నీ దాని పాలయ్యాయి.

ఒక చిన్న లెక్క చూస్తే ఏం జరిగిందో అర్థమవుతుంది. మధ్యరకం ప్రొక్లెయినర్ బకెట్‌లో పట్టేది సుమారు ఒక క్యూబిక్ మీటర్ మట్టి. వదులు మట్టి అయితే అది ఒకటిన్నర టన్నుకు అటూ ఇటూ తూగుతుంది. తట్టకు పదిహేను కిలోల చొప్పున వేసుకుంటే వంద తట్టలు. ఆ వంద తట్టలను యంత్రం ముంచి, తిరిగి, టిప్పర్‌లో పోసి, మళ్లీ గుంటలోకి దిగడానికి అర నిమిషం కూడా పట్టదు.

దిగువ మానేరు ఆనకట్ట పని 1974లో మొదలై 1985లో ముగిసింది. 24.07 టీఎంసీల ఆ జలాశయానికి నడుమ గేట్ల కట్టడం తప్ప రెండువైపులా మైళ్ల పొడవున ఉన్నది మట్టి కట్టే. ఆ తర్వాత దాని దిగువన హుజూరాబాద్ వైపు ప్రధాన కాలువ, పిల్ల కాలువల పని విడతలు విడతలుగా ఏళ్ల తరబడి సాగింది. డబ్బు వస్తే పని, రాకపోతే మూత. 1986లోనూ 1997లోనూ ప్రపంచ బ్యాంకు అప్పులు మళ్లీ వచ్చాయి. ఉత్తర తెలంగాణలో చాలామంది ఆపరేటర్లు లివర్ పట్టింది ఆ ఏళ్లలోనే.

ఎవరూ నేరుగా ఆపరేటర్ కాలేదు. ముందు హెల్పర్. పొద్దున ఐదింటికే మిషన్ దగ్గరికి వెళ్లి ఇంజన్ ఆయిల్ పుల్ల తీసి చూడాలి, రేడియేటర్‌లో నీళ్లు పోయాలి, హైడ్రాలిక్ ఆయిల్ మట్టం గాజు కిటికీలో చూడాలి. భుజంలాంటి బూమ్, మోచెయ్యిలాంటి ఆర్మ్, బకెట్ కలిసే చోట ఉన్న ప్రతి పిన్నుకూ గ్రీజు గన్‌తో గ్రీజు కొట్టాలి. పాత గ్రీజు మట్టితో కలిసి బయటికి పొంగి, వెనక కొత్తది కనిపించేదాకా కొట్టాలి. ఒక్క పిన్ను మరిచినా బుష్ అరిగి, చెయ్యి లటలటలాడుతుంది. అప్పుడు వాలు చెక్కినా గీత వంకరగానే వస్తుంది. డీజిల్ అడుగంటి ఎయిర్ పడితే పైపులు విప్పి, చేతిపంపు కొట్టి, బుడగలు పోయేదాకా ఎయిర్ తీయాలి. బకెట్ పండ్లు అరిగాయా, ఊడాయా చూడాలి. చైను బిగువు చూడాలి. ఇవన్నీ చేశాక ఆపరేటర్ వచ్చి కూర్చుంటాడు. హెల్పర్ పగలంతా ఎండలో నిలబడి టిప్పర్లకు సైగ చేస్తాడు. మధ్యాహ్నం తిండి వేళకు ఆపరేటర్ దిగినప్పుడు, ‘అన్నా, జర నేను పట్టుకుంటా’ అని అడిగి, కుప్ప మట్టి మీద నాలుగు బకెట్లు వేసి దిగుతాడు. అదే బడి. ఏళ్లు గడిచాక, ఒకరోజు ఆపరేటర్ రాకపోతే, మేనేజర్ చూపు హెల్పర్ మీద పడుతుంది.

పాత యంత్రాల్లో లివర్లు ఇప్పటి జాయ్‌స్టిక్కుల్లాంటివి కావు. ఇప్పుడు చేతి కిందున్న చిన్న కర్ర తక్కువ ఒత్తిడి నూనెను పంపితే, ఆ నూనె పెద్ద వాల్వులను కదిలిస్తుంది. అప్పట్లో లివర్ నుంచి వాల్వు దాకా కడ్డీలే. వాల్వు బరువంతా చేతికి తెలిసేది. బూమ్‌కు ఒకటి, ఆర్మ్‌కు ఒకటి, బకెట్‌కు ఒకటి, తిప్పుడుకు ఒకటి, నడకకు పెడళ్లు. వాటి వరస కంపెనీకో తీరు. ఒకదాని మీద చెయ్యి కుదిరినవాడు మరోదాని మీద కూర్చుంటే మొదటి వారమంతా చెయ్యి తప్పుతుంది. పైకెత్తాలనుకుంటే చాపుతుంది, కుడికి తిరగాలనుకుంటే బకెట్ తెరుచుకుంటుంది. పక్కన టిప్పర్ డ్రైవర్ ఉన్నాడంటే ఆ తడబాటు ప్రాణం మీదికి వస్తుంది.

ఆ కష్టంలోనే పనితనం దాగి ఉండేది. వాల్వు బరువు చేతికి తెలిసేది కాబట్టి నేల కూడా చేతికి తెలిసేది. రేగడి మట్టిలో బకెట్ మెత్తగా దిగి, లాగేటప్పుడు బంకలా అంటుకుంటుంది. మొరంలో గరగరమంటూ సమంగా వస్తుంది. రాయి తగిలితే లివర్ అదురుతుంది, ఇంజన్ గొంతు మారుతుంది. కరీంనగర్ నేల కింద చాలాచోట్ల గ్రానైటే. ఇక్కడి రాయి టాన్ బ్రౌన్ పేరుతో ఓడలెక్కి పోతోందంటే ఆ గట్టితనం అర్థం చేసుకోవచ్చు. మంచి ఆపరేటర్ పరుపురాయిని పండ్లతో గీకి చూసి, ఇది బకెట్‌కు లేస్తుందా, జాక్‌హ్యామర్‌తో బెజ్జాలు వేసి తూటాలు పెట్టాలా అని చెప్పేవాడు. మెత్తరాయా గట్టిరాయా అన్నదాని మీద క్యూబిక్ మీటర్ రేటు మారుతుంది కాబట్టి, ఇంజినీరూ కాంట్రాక్టరూ కూడా ఆ మాట కోసం చెవులు రిక్కించేవాళ్లు.

కాలువ వాలు చెక్కడమే అన్నింటికన్నా గడ్డు పని. మట్టిలో ఒక అడుగు దిగితే ఒకటిన్నర అడుగు పక్కకు జరగాలి. అంచు వెంట గుంజలు పాతి పురికొస కట్టేవారు. యంత్రం గట్టు మీద వెనక్కి నడుస్తుంటే, ఆపరేటర్ ఒకేసారి బూమ్‌ను దించుతూ, ఆర్మ్‌ను లాగుతూ, బకెట్ కోణాన్ని నిలపాలి. మూడు కదలికలూ కలిసి ఒకే గీతగా రావాలి. పంపు పాతబడి ఉంటే మూడింటికీ నూనె సరిపోదు, ఒకటి ముందుకు పోతే మరొకటి వెనకబడుతుంది. దాన్ని కూడా లెక్కలో పెట్టుకుని చెయ్యి వేయాలి. కాంక్రీటు లైనింగ్‌కు ముందు ఆఖరి పది, పదిహేను సెంటీమీటర్ల మట్టిని యంత్రంతో తీయనిచ్చేవారు కాదు. అక్కడికి మళ్లీ పార పట్టిన కూలీలు దిగేవారు. కాబట్టి యంత్రం వచ్చాక మనుషులు వెళ్లిపోయారన్నది పూర్తి నిజం కాదు. వందల మంది పోయి పదుల మంది మిగిలారు. ఒకే గట్టు మీద ప్రొక్లెయినరూ వడ్డెర కుటుంబమూ పక్కపక్కన పనిచేసిన కాలం చాలా ఏళ్లు నడిచింది. మంచి వాలు వచ్చిందో లేదో ఆపరేటర్‌కు ముందుగా చెప్పేది కూడా ఆ కింద నిలబడ్డ కూలీలే. గీత బాగుంటే వాళ్ల నడుములకు పని తగ్గేది.

ఎండాకాలం సంగతి వేరే చెప్పాలి. కాలువలో నీళ్లు ఆపేది, చెరువులు ఎండేది అప్పుడే కాబట్టి మట్టి పనికి అదే అసలు కాలం. రామగుండం, కరీంనగర్ ప్రాంతాల్లో ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది. క్యాబిన్‌కు ఏసీ లేదు, చాలా మిషన్లకు అద్దాలే ఉండేవి కావు. వెనక ఇంజన్ సెగ, పక్కన నూనె ట్యాంకు సెగ, ముందు దుమ్ము. తలకు తడి తువ్వాల, నీళ్ల సీసాకు తడిపిన గోనెగుడ్డ. నూనె వేడెక్కితే పలచబడుతుంది, చెయ్యి మందగిస్తుంది. గంటసేపు ఆపి చల్లారనివ్వాలి. పని ఆగితే మేనేజర్ ఊరుకోడు, నడిపితే సీళ్లు పోతాయి.

హోస్ పైపు పగలడం నిత్యం జరిగేదే. చదరపు సెంటీమీటరుకు వందల కిలోల ఒత్తిడి మీద ఉన్న మరిగే నూనె ఒక్కసారిగా చిమ్ముతుంది. బూమ్ గాలిలో ఉంటే కుప్పకూలుతుంది. పెద్ద పగులు కన్నా సూదిమొనంత చిల్లు ప్రమాదం. కంటికి కనపడని ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి దిగుతుంది. పైకి చిన్న చుక్కలా కనిపించినా లోపల కండ కుళ్లి చెయ్యి తీసేయాల్సి రావచ్చు. అందుకే లీకు ఎక్కడుందో చేత్తో తడమొద్దు, అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. ఈ జాగ్రత్త కంపెనీ పుస్తకంలో ఇంగ్లిష్‌లో ఉండేది. హెల్పర్‌కు ఆ పుస్తకం చూపించినవాళ్లు తక్కువ.

పనివేళలు మీటర్ రీడింగ్ మీద. మిషన్ ఎన్ని గంటలు తిరిగిందో అద్దె అంత. ఆపరేటర్‌కు నెల జీతం, రోజుకు బత్తా. నిద్ర చాలాసార్లు మిషన్ పక్కనే. డీజిల్ దొంగల భయం ఒకటి. 1980, 90ల్లో ఈ జిల్లాల్లో మరో భయం కూడా ఉండేది. కాంట్రాక్టర్ల మీద కోపంతో నక్సలైట్లు యంత్రాలను తగలబెట్టిన సంఘటనలు అప్పటి పత్రికల్లో తరచూ వచ్చేవి. రాత్రి కాపలా ఉన్నవాడు మిషన్ యజమానీ కాదు, కాంట్రాక్టరూ కాదు. కానీ మిషన్ కాలిపోతే ముందుగా పని పోయేది అతనికే.

ఇదే విద్య గోదావరి ఒడ్డున బొగ్గు గనుల్లో మరో తీరుగా విలువ తెచ్చింది. సింగరేణి 1970ల నుంచి రామగుండం ప్రాంతంలో ఓపెన్‌కాస్ట్ గనులు తెరిచింది. బొగ్గు మీదున్న మట్టిని, రాతిని తీయడానికి షావెళ్లు, డంపర్లు, తర్వాత పెద్ద హైడ్రాలిక్ యంత్రాలు దిగాయి. అక్కడ ఈ భారీ యంత్రాలు నడిపే ఈపీ ఆపరేటర్ అంటే పర్మినెంట్ ఉద్యోగం, క్వార్టర్, ఆస్పత్రి, యూనియన్, పదోన్నతి. అదే గనిలో మట్టి తీసే పని ప్రైవేటు కాంట్రాక్టులకు పోయాక, అవే లివర్లు పట్టిన కాంట్రాక్టు ఆపరేటర్‌కు వీటిలో చాలా అందలేదు. ఒకే విద్యకు రెండు బతుకులు. ఆ అన్యాయం ఇప్పటికీ తీరలేదు.

మరికొందరు గల్ఫ్ బాట పట్టారు. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి అరబ్బు దేశాలకు పోయినవాళ్లలో ఎక్కువమంది కూలీలుగానే పోయారు. కాలువ గట్టు మీద ప్రొక్లెయినర్ నేర్చి, అక్కడ హెవీ లైసెన్స్ పరీక్ష గట్టెక్కినవాడికి జీతం వేరు, క్యాంపులో గౌరవం వేరు. ఇసుకలో పైపులైన్ల గుంతలు తవ్విన చేతులు అవి.

ఊళ్లలో మాత్రం యంత్రం పని తీరునే మార్చేసింది. ఒకప్పుడు వ్యవసాయ బావి అంటే వడ్డెర కుటుంబం నెలల తరబడి దిగి తవ్వేది. తర్వాత బావి ఒడ్డున క్రేన్ పెట్టి మట్టి పైకి లాగేవారు. ప్రొక్లెయినర్ మెట్లు మెట్లుగా దిగుతూ ఆ పనిని రోజుల్లో ముగించింది. 2015 మార్చి 12న సదాశివనగర్‌లో మొదలైన మిషన్ కాకతీయలో రాష్ట్రమంతటా 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని లక్ష్యం పెట్టుకున్నారు. ఆ పని ఊపిరంతా ఈ యంత్రాలే. చెరువు నడుమ ప్రొక్లెయినర్ నింపుతుంటే, రైతులు ట్రాక్టర్లు వరసకట్టి పూడిక మట్టిని చేలకు తోలుకున్నారు. ఆ మట్టి పడిన చేలకు ఎరువు ఖర్చు తగ్గింది. చెరువులో ఎక్కడ ఎంత లోతు తీయాలి, ఎక్కడ దాటితే అడుగు పొర చిరిగి నీళ్లు ఇంకిపోతాయి అన్నది పాత ఆపరేటర్లకు చేతి గుర్తు. కొత్త కుర్రాళ్లు ఆ గుర్తు లేక లోతుగా తవ్వేసిన చోట్ల ఆ గుంతలు పిల్లల ప్రాణాలు తీసిన వార్తలు కూడా చదివాం. అనుభవాన్ని ఖర్చుగా లెక్కగట్టి వదిలేసుకుంటే జరిగేది ఇదే.

పాత మిషన్లు ఇప్పుడు దాదాపు కనిపించవు. పంపు పోయినప్పుడు, స్వింగ్ బేరింగ్ అరిగినప్పుడు, విడిభాగం దొరక్క తూకానికి పోయాయి. కొత్తవాటికి ఏసీ క్యాబిన్, కంప్యూటర్, రెండు వేళ్లతో కదిలే జాయ్‌స్టిక్. నడిపేవాళ్లలో బిహార్, జార్ఖండ్ కుర్రాళ్లు చాలామంది. పాలమూరు మేస్త్రీల చోట ఇప్పుడు వేరే రాష్ట్రాల మేస్త్రీలున్నారు. దూరం పెరిగింది, ఏర్పాటు మారలేదు.

హుజూరాబాద్‌కు ఇందులో ఇంకో అధ్యాయం ఉంది. 2021 ఆగస్టు 16న ఇక్కడి శాలపల్లిలో దళితబంధు పథకం ప్రయోగాత్మకంగా మొదలైంది. కుటుంబానికి 10 లక్షల రూపాయలు, ఏ పని పెట్టుకోవాలో ఎంపిక వాళ్లదే. ట్రాక్టర్లు, కార్లు, కోత యంత్రాలతో పాటు మట్టి తవ్వే యంత్రాలు కూడా ఆ ఎంపికల్లో ఉండేవి. కొత్త బ్యాక్‌హో ధర ఒక్క కుటుంబానికి ఇచ్చిన సొమ్ముకు రెట్టింపు దాటుతుంది. ముగ్గురు నలుగురు కలిస్తే గానీ చేతికి రాదు. కలిసి కొన్నా, డీజిల్, వాయిదా, మరమ్మతు, పని లేని వానాకాలం, అన్నీ కలిసే మోయాలి. అయినా తరాలుగా ఇతరుల గట్ల మీద తట్ట మోసిన కుటుంబాలకు యంత్రం మీద యాజమాన్యం దక్కే వీలు కలగడం ఈ ప్రాంతపు మట్టి పని చరిత్రలో కొత్త సంగతి.

ఇక రాతకోతల మాట. కాలువ ఎన్ని క్యూబిక్ మీటర్లు తవ్వారో నీటిపారుదల శాఖ కొలతల పుస్తకాల్లో ఉంటుంది. ఎవరి చేత్తో తవ్వారో అందులో ఉండదు. అది ఉండేది మిషన్ లాగ్ బుక్‌లో. పొద్దుటి రీడింగ్, సాయంత్రం రీడింగ్, పోసిన డీజిల్, మార్చిన హోస్, పనిచేసిన కిలోమీటరు, చివర ఆపరేటర్ సంతకం లేదా వేలిముద్ర. అలాంటి పుస్తకాలు పాత కాంట్రాక్టర్ల గోదాముల్లో, ఆపరేటర్ల ఇళ్లలో ఇంకా మిగిలి ఉంటే చిత్తుకాగితాల కింద అమ్మేయకూడదు. కరీంనగర్‌లోనో హుజూరాబాద్‌లోనో గ్రంథాలయానికి చేర్చాలి. కాలేజీల్లో చరిత్ర చదివే పిల్లలు ఒక సెలవుల కాలం ఇందుకు కేటాయించినా చాలు. తొలినాటి లివర్లు పట్టినవాళ్లలో చాలామంది ఇప్పుడు డెబ్బైకి దగ్గరపడ్డారు. కొందరికి చెవులు సరిగా వినపడవు, నడుము నొప్పితో ఎక్కువసేపు కూర్చోలేరు. ఏ కిలోమీటరు దగ్గర రాయి తగిలింది, ఏ గట్టు రెండుసార్లు జారింది, నీళ్లు మొదటిసారి వదిలిన రోజు మిషన్ ఎక్కడ ఆపి ఉంచారు అన్నవి అడిగితే వాళ్లే చెప్పాలి.